కేఈఏ సైట్ చిక్కులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కర్ణాటక పరీక్షా ప్రాధికార (కేఈఏ) సైట్‌లో సీఈటీ (ఇంజినీరింగ్ వంటి కోర్సుల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) దరఖాస్తు, ఆప్షన్ ఎంట్రీ (కావలసిన కాలేజీలు, కోర్సులు వరుసగా పెట్టడం) చేసేటప్పుడు వచ్చే ఇబ్బందుల మీద బెంగళూరు పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి జవాబులివి.

మా అమ్మాయి కుల, ఆదాయ ధ్రువపత్రం ఆర్‌డీ నంబర్ కొడితే పేరు సరిపోలడం లేదని వస్తోంది. పత్రం మొన్ననే తీసుకున్నాం. ఏం చేయాలి? – ఒక తల్లి, మారతహళ్లి

పత్రం మీద ఆర్‌డీతో మొదలయ్యే ఆ నంబర్ కొట్టగానే సైట్ నాడకచేరి (ఈ పత్రాలిచ్చే రెవెన్యూ కార్యాలయం) రికార్డు తెచ్చి, దరఖాస్తులో ఉన్న పేరుతో పోల్చి చూస్తుంది. మీ పత్రం అసలుదే అయినా, రెండు చోట్లా పేరు ఒకేలా లేకపోతే ఒప్పుకోదు. మన తెలుగువాళ్లకు ఈ చిక్కు తెచ్చేది ఇంటిపేరే. ఆధార్‌లో ‘కొమ్మినేని సాయి హర్షిత’ అని ఉంటుంది. బడిలో ‘హర్షిత కె’ అని రాయించి ఉంటారు, పదో తరగతి మార్కుల కార్డులోనూ అదే పడుతుంది. ధ్రువపత్రమేమో ఆధార్ చూసి తీసుకుని ఉంటారు.

ముందు తేలిక కారణాలు చూడండి. వాట్సాప్‌లోంచి కాపీ చేసి అతికిస్తే నంబర్ చివర ఖాళీ ఒకటి అంటుకుని వస్తుంది. సున్నా బదులు ఇంగ్లిష్ ‘ఓ’ పడుతుంది. అందుకని చేత్తో కొట్టి చూడండి. అప్పటికీ రాకపోతే దరఖాస్తులో పేరు మాత్రం మార్చకండి, అక్కడ మార్కుల కార్డులో ఉన్నట్టే ఉండాలి. మార్చుకోవలసింది ధ్రువపత్రంలో. మార్కుల కార్డు, ఆధార్, పాత పత్రం తీసుకుని నాడకచేరికి వెళ్లి, కార్డులో ఉన్న పేరుతోనే కొత్తది అడగండి. దాని మీద ఉండే కొత్త ఆర్‌డీ నంబరే కొట్టాలి.

పనిలో పనిగా పత్రం ఏ ఫారంలో ఉందో కూడా చూసుకోండి. కర్ణాటక వెనుకబడిన తరగతుల్లో 2ఏ, 2బీ, 3ఏ, 3బీ వాళ్లకు ఫారం ఎఫ్, కేటగిరీ-1 వాళ్లకు ఫారం ఇ, ఎస్సీ, ఎస్టీలకు ఫారం డి. కేంద్ర ప్రభుత్వ అవసరాలకు తీసుకున్న ఓబీసీ పత్రం ఇక్కడ పనికిరాదు. ఆంధ్ర, తెలంగాణ తహసీల్దార్లు ఇచ్చినదీ చెల్లదు. చేతిలో అదొక్కటే ఉంటే జనరల్ మెరిట్ (రిజర్వేషన్ లేని కోటా) కిందే దరఖాస్తు పెట్టాలి.

ఫోన్లో యూపీఐతో ఫీజు కట్టాం. ఖాతాలోంచి డబ్బు పోయింది, సైట్‌లో మాత్రం కట్టలేదనే ఉంది. మళ్లీ కట్టాలా? – ఒక తండ్రి, కేఆర్ పురం

వెంటనే కట్టకండి. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి 12 అంకెల యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీ గుర్తింపు నంబర్) రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. లాగౌట్ అయి, కాసేపాగి మళ్లీ లాగిన్ చేయండి. బ్యాంకు నుంచి సమాచారం ఆలస్యంగా చేరితే దానంతటదే ‘పెయిడ్’ అని మారుతుంది. మారకపోతే రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో పెట్టిన నిబంధన ఉంది. డబ్బు కోతపడి, అవతలివాళ్లకు ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లో డబ్బు వెనక్కి రావాలి. ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. డబ్బు అవతలికి చేరినట్టు మీ బ్యాంకు చెబితే, యూటీఆర్ జతచేసి కేఈఏకే రాయాలి.

ఆఖరి రోజైతే ఇదంతా పక్కన పెట్టి రెండోసారి కట్టేయండి. డబ్బు తర్వాత అడిగి తెచ్చుకోవచ్చు, దాటిన గడువు కోసం అడిగే చోటు ఉండదు.

బ్రౌజర్, యూపీఐ యాప్ రెండూ ఒకే ఫోన్లో నడిపితే ఇలా అవుతుంటుంది. యాప్‌లోకి వెళ్లి పిన్ కొట్టేలోగా, మెమరీ చాలక ఫోన్ బ్రౌజర్‌ను మూసేస్తుంది. తిరిగి వచ్చేసరికి సెషన్ పోయి ఉంటుంది. క్యూఆర్ కోడ్ ఇస్తే సైట్‌ను ల్యాప్‌టాప్‌లో తెరిచి, ఫోన్‌తో స్కాన్ చేసి కట్టండి. సైట్ తనంతట తాను రసీదు పేజీకి వచ్చేదాకా బ్యాక్, రిఫ్రెష్ నొక్కకండి.

ఐఫోన్‌తో తీసిన ఫొటో అప్‌లోడ్ కావడం లేదు. పేరు చివర జేపీజీ అని మార్చినా అంతే. – విద్యార్థి, ఎలక్ట్రానిక్ సిటీ

పేరు మారిస్తే లోపలి ఫార్మాట్ మారదు. ఐఫోన్ ఫొటోలను మామూలుగా జేపీజీలో కాక, హెచ్‌ఈఐసీ అనే వేరే ఫార్మాట్‌లో దాస్తుంది. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుని మళ్లీ తీయండి. తర్వాత కంప్యూటర్‌లో పెయింట్ తెరిచి సుమారు 276 × 354 పిక్సెల్స్‌కు తగ్గించి జేపీజీగా సేవ్ చేయండి. పాస్‌పోర్ట్ ఫొటో కొలతకు అది సరిపోతుంది, మామూలుగా 50 కేబీ లోపే వస్తుంది.

మా అబ్బాయి ఇంట్లోనూ, వాళ్ల మామయ్య ఆఫీసులోనూ లాగిన్ అయి ఆప్షన్లు పెట్టారు. తెల్లారి చూస్తే వరుస మారిపోయింది. అలాగే, రాదనుకున్న పెద్ద కాలేజీని కింద పెట్టవచ్చా? – ఒక తండ్రి, యలహంక

రెండు చోట్ల తెరిచినప్పుడు ఎవరు చివర సేవ్ చేస్తే వాళ్లదే మిగులుతుంది, ముందు చేసిన మార్పులు చెరిగిపోతాయి. పాస్‌వర్డ్ మార్చి, ఒక్కరే, ఒకే ట్యాబ్‌లో పని చేయండి. మామయ్య సలహా ఫోన్లో చెబితే చాలు.

రెండోదానికి జవాబు: వద్దు. ర్యాంకు ప్రకారం మీ వంతు వచ్చినప్పుడు సైట్ పైనుంచి చూసుకుంటూ వచ్చి, ఖాళీ ఉన్న మొదటి ఆప్షన్ ఇచ్చేస్తుంది. దాని కింద ఉన్నవన్నీ పోతాయి. రాని కాలేజీని పైన పెట్టినందువల్ల నష్టమేమీ లేదు, వచ్చేదాన్ని కింద పెడితే మాత్రం చేజారుతుంది. మాక్ అలాట్‌మెంట్ (అసలుదానికి ముందు నమూనాగా చేసే సీట్ల కేటాయింపు) వచ్చాక వరుస మార్చుకునే వీలు ఇస్తారు. గడువులోగా మార్చుకుని, జాబితా ప్రింట్ తీసి, కాలేజీ కోడ్, కోర్సు కోడ్ రెండూ మీరు రాసుకున్న కాగితంతో పోల్చి చూడండి. కంప్యూటర్ సైన్స్ పేరుతో నాలుగైదు కోర్సులుంటాయి, తేడా కోడ్‌లోనే తెలుస్తుంది.