కాఫీ గింజల పరిమళం నిలవాలంటే

ప్రశ్న: అరకు వెళ్ళినప్పుడు వేయించిన కాఫీ గింజలు రెండు కిలోలు కొన్నాము. ఇంట్లో ఉండేది ఇద్దరమే, అది కూడా ఉదయం ఒక్క పూటే కాఫీ తాగుతాము. గింజలన్నీ పెద్ద స్టీలు డబ్బాలో పోసి, స్టవ్వు పక్కన గట్టు మీద ఉంచాను. మొదట్లో మూత తీయగానే హాలు దాకా వాసన వచ్చేది. నెల తిరిగేసరికి పొడి చేసినా ఆ గుబాళింపు లేదు. ఫ్రిజ్‌లో పెట్టమని మా అక్క, డీప్ ఫ్రీజర్‌లో పెట్టమని మా అబ్బాయి చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: మీ అబ్బాయి మాట వినండి. అయితే దాన్ని పాటించే పద్ధతి ఒకటుంది, అది తప్పితే ఫ్రీజర్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. అంతకంటే ముందు చెప్పవలసింది, మీరు కొన్న పరిమాణం గురించి. కప్పుకు 10 నుంచి 12 గ్రాముల చొప్పున లెక్క వేసుకుంటే, రోజుకు రెండు కప్పులు తాగే ఇంట్లో రెండు కిలోలు దాదాపు మూడు నెలలు వస్తాయి. వేయించిన గింజ బయట, మంచి డబ్బాలో, రుచిగా నిలిచేది నెల రోజులు, మహా అయితే ఆరు వారాలు. కాఫీ పాతబడిందని బాధపడే వారిలో చాలామంది డబ్బాను తప్పుపడతారు గానీ, నా అభిప్రాయంలో అసలు కారణం ఒకేసారి ఎక్కువ కొనడమే.

వేయించేటప్పుడు గింజలో వందల రకాల సుగంధ పదార్థాలు పుడతాయి, వాటితో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా గింజ లోపల చిక్కుకుంటుంది. ఈ వాయువు రోజుల తరబడి మెల్లగా వెలువడుతూ, ప్రాణవాయువును కొంతకాలం గింజ దరికి రానివ్వదు. అది తగ్గిపోయాక గాలి లోపలికి చేరి, సుగంధాలను పలచబరిచి, గింజలోని నూనెను పాడుచేయడం మొదలుపెడుతుంది. అరబికా అనే కాఫీ రకం గింజలో నూనె సుమారు 15 శాతం ఉంటుంది కనుక, మరీ పాతబడిన కాఫీలో వాసన లేకపోవడమే కాక, పాత నూనె కంపు కూడా తగులుతుంది. గాలికి వేడి తోడైతే ఈ మార్పు వేగం పుంజుకుంటుంది. అందువల్ల స్టవ్వు పక్కన గట్టు, ఫ్రిజ్ పైభాగం, ఎండ పడే కిటికీ, ఈ మూడూ కాఫీ డబ్బాకు తగిన చోట్లు కావు. కింది అలమర గానీ, పొయ్యికి దూరంగా ఉన్న సొరుగు గానీ చాలు.

మీ డబ్బా స్టీలుది కావడం మంచిదే, కానీ అది పెద్దది. మూత తీసిన ప్రతిసారీ లోపలి గాలి మారుతుంది, గింజలు తగ్గేకొద్దీ డబ్బాలో ఖాళీ పెరిగి ఆ ఖాళీలో గాలే నిండుతుంది. పావు కిలో మాత్రమే పట్టే, బిగువైన మూత ఉన్న చిన్న డబ్బాను రోజువారీ వాడకానికి పెట్టుకోండి. గాజు సీసా అయినా పరవాలేదు గానీ వెలుతురు తగలకూడదు. మసాలా పొడులో, ఊరగాయో పోసి ఉంచిన ప్లాస్టిక్ డబ్బాను మాత్రం ఎంత కడిగినా కాఫీకి వాడవద్దు, ఆ వాసనను గింజ తప్పకుండా పీల్చుకుంటుంది. డబ్బా ఖాళీ అయినప్పుడల్లా గోడలకు అంటిన నూనెను సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే కొత్త గింజలు పోయండి. పాత గింజల మీద కొత్తవి పోసే అలవాటు మన ఇళ్ళలో చాలా ఉంది, దాన్ని మానుకోవాలి.

ఇక ఫ్రిజ్ సంగతి. అక్కడి చల్లదనం గింజను నెలల తరబడి కాపాడేంతది కాదు, పైగా రోజూ డబ్బాను బయటికి తీసి లోపల పెట్టడం వల్ల చెమ్మ చేరుతుంది, పక్కనున్న కూరల వాసనా పడుతుంది. డీప్ ఫ్రీజర్‌లో ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి గింజలో మార్పులు బాగా నెమ్మదిస్తాయి. ఈసారి ఎక్కువ కొంటే, తెచ్చిన రోజునే 200 గ్రాముల చొప్పున దళసరి జిప్ కవర్లలో నింపి, గాలిని గట్టిగా నొక్కి బయటికి పంపి, ఒక కవరును మరో కవరులో ఉంచి, తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. కావలసినప్పుడు ఒక కవరును ముందురోజు రాత్రి బయటికి తీసి, మూసినది మూసినట్టే తెల్లవారే దాకా వదిలేయండి. చల్లగా ఉండగా తెరిస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసాకు చెమట పట్టినట్టే గింజలకూ పడుతుంది. విశాఖ వంటి సముద్రతీరంలో అది నిమిషాల్లో జరిగిపోతుంది. ఒకసారి తెరిచిన కవరును మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

మీ దగ్గర ఇప్పుడు మిగిలిన గింజలు తాగడానికి పనికిరానివి కావు. వాటిని మళ్ళీ బాణలిలో వేయిస్తే వాసన తిరిగి వస్తుందని కొందరు చెబుతారు గానీ, పోయిన సుగంధం రాదు, చేదు మాత్రం పెరుగుతుంది. ఫ్రీజర్ కూడా పోయినదాన్ని తిరిగి తేలేదు. కొంచెం చిక్కగా డికాక్షన్ తీసి, పాలు పోసి, చల్లని కాఫీగా వాడుకోండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో తెప్పించిన గింజల సంచి ఉబ్బి ఉంది. ముందువైపు చిన్న చిల్లుల బిళ్ళ కూడా ఉంది. సంచి లోపలికి గాలి పోయి సరుకు చెడిపోయిందేమోనని అనుమానం.
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: చెడిపోలేదు, పైగా అది తాజాదనానికి గుర్తు. ఆ బిళ్ళ ఒక కవాటం. లోపలి కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి వదులుతుంది గానీ బయటి గాలిని లోపలికి రానివ్వదు. ఆ సంచికే జిప్ ఉంటే గింజలను వేరే డబ్బాలోకి మార్చనక్కరలేదు, వాడిన ప్రతిసారీ గాలిని నొక్కి పంపి మూస్తే చాలు. కొనేటప్పుడు గడువు తేదీ కంటే వేయించిన తేదీని చూడండి. వేయించిన మర్నాటికంటే నాలుగైదు రోజులు ఆగాక తీసిన డికాక్షన్ రుచి నిలకడగా ఉంటుంది.

ప్రశ్న: మా ఇంట్లో గ్రైండర్ లేదు. చికోరీ కలిపిన ఫిల్టర్ పొడి అరకిలో తెస్తే వానాకాలంలో గడ్డ కడుతోంది. ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: చికోరీ అనేది ఒక మొక్క వేరును వేయించి చేసే పొడి. అది కాఫీ కంటే త్వరగా చెమ్మను పీలుస్తుంది, గడ్డకట్టడానికి అదే కారణం. కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని మన దేశపు ఆహార నిబంధన. చికోరీ ఎంత కలిపారో ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది, అది తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకుంటే వానాకాలంలో ఇబ్బంది కొంత తగ్గుతుంది. తడి చెంచా వేయకూడదు, మరుగుతున్న నీళ్ళ పక్కన డబ్బా తెరవకూడదు. కాఫీ పొడి గింజలంత కాలం ఆగదు, మర ఆడించిన గంటల్లోనే సుగంధం తగ్గడం మొదలవుతుంది, కాబట్టి అరకిలోకు బదులు వారానికి సరిపడా వంద, నూటయాభై గ్రాములు తెచ్చుకోండి. వీలైతే చిన్న చేతి మర ఒకటి కొనమని నా మనవి. మంచి డబ్బా మీద పెట్టే ఖర్చు కంటే మర మీద పెట్టే ఖర్చు కాఫీ రుచిని ఎక్కువగా మారుస్తుంది.

ప్రశ్న: పాడేరు దగ్గర మా బంధువుల తోట నుంచి ఏటా పచ్చి గింజలు వస్తాయి. ఎంతకాలం దాచవచ్చు?
(ఒక పాఠకురాలు, నర్సీపట్నం)

జవాబు: నాకు అసూయ కలిగించేంత మంచి అవకాశం మీకు ఉంది. సరిగ్గా ఎండిన పచ్చి గింజలో తేమ 10 నుంచి 12 శాతం ఉంటుంది. అలాంటి గింజ దాదాపు ఏడాది పాటు రుచి కోల్పోకుండా ఆగుతుంది. తేమ అంతకు మించితే బూజు పడుతుంది, పురుగూ చేరుతుంది. సంచిని నేల మీద గానీ, గోడకు ఆనించి గానీ పెట్టకుండా చెక్క మీద ఉంచండి. వానాకాలం రాకముందే గాలి చొరబడని దళసరి సంచుల్లోకి మార్చండి. మలబారు తీరంలో పచ్చి గింజలను వానాకాలపు గాలికి కావాలనే పరిచి, ఉబ్బి లేత పసుపుకు తిరిగేలా చేసి అమ్మే మాన్సూన్డ్ మలబార్ అనే రకం ఉంది గానీ, అది గిడ్డంగుల్లో రోజూ తిరగేస్తూ చేసే పని, ఇంట్లో సాగదు. వేయించినప్పుడు బరువు 15 నుంచి 20 శాతం తగ్గుతుంది కనుక, వారానికి 200 గ్రాముల కాఫీ కావలసిన ఇంట్లో ప్రతిసారీ పావు కిలో పచ్చి గింజలు తీసి వేయించుకుంటే సరిపోతుంది.