ఈస్టరు పూలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: ఈసారి మా సంఘంలో ఈస్టరు పూల బాధ్యత స్త్రీల సమాజం నాకు అప్పగించింది. ఇంగ్లండులో ఉన్న మా పిన్ని కూతురు తమ చర్చి ఫొటోలు పంపింది. పసుపు డాఫొడిల్స్, తులిప్‌లు, తెల్లని ఈస్టర్ లిల్లీలతో కళకళలాడుతోంది. అలాంటివి మన దగ్గర దొరుకుతాయా? లేకపోతే వాటి బదులు ఏవి పెట్టాలి?
(ఒక సోదరి, టెక్కలి)

జవాబు: ఆ ఫొటోలు పక్కన పెట్టు తల్లీ. డాఫొడిల్, తులిప్ దుంపలు పూయాలంటే మూడు నెలల పాటు గట్టి చలి తగలాలి. టెక్కలి చలి మనకు దుప్పటి కప్పించగలదేమో గానీ తులిప్ దుంపను నిద్ర లేపలేదు. ఇక ఈస్టర్ లిల్లీ సంగతి విను. దాని పుట్టిల్లు జపాన్ దక్షిణపు దీవులు, తైవాన్. ఆరుబయట వదిలేస్తే అది వేసవిలో పూస్తుంది. పెంపకందారులు గాజు ఇళ్లలో వేడి, వెలుతురు సరిచూస్తూ పండుగ వేళకు మొగ్గ విచ్చేలా చేస్తారు. దొరల ఊళ్లలోనూ అది తనంతట తాను ఈస్టరుకు పూయదన్నమాట! దాని కోసం విశాఖ దాకా పరుగెత్తి సమాజం డబ్బు తగలెయ్యకండి.

నన్నడిగితే పువ్వును ఎంచేటప్పుడు ముందు గడియారం చూడాలి, రంగు సంగతి తరువాత. మన వైపు ఈస్టరు ఆరాధన తెల్లవారకముందే మొదలవుతుంది. మగ్దలేనే మరియ యేసు సమాధి దగ్గరకు వచ్చింది కూడా ఇంకా చీకటి ఉండగానే అని యోహాను రాశాడు. ఎదుట నిలబడ్డ యేసును తోటమాలి అనుకుందట. తోటపని చేసేదాన్ని కదా, నాకు ఆ మాట ఎప్పుడు చదివినా ముచ్చటే. ఆ వేళకు నిండుగా ఉండేవి రాత్రి విచ్చే పూలు. పొద్దుటే కోసిన మల్లెమొగ్గ ఆ సాయంత్రానికి విచ్చుకుంటుంది, వేకువకు ఇంకా తెల్లగానే ఉంటుంది. బజారులో లిల్లీ అని అమ్మే నేలసంపెంగ చీకటి పడ్డాకే గుప్పున వాసన వేస్తుంది. అదీ మెక్సికో నుంచి వచ్చిందే అనుకో, కానీ వచ్చి మనదైపోయింది.

నేలసంపెంగ కాడలు కొనేటప్పుడు అడుగున రెండు మూడు పూలు విచ్చి, పైనంతా మొగ్గలున్నవి ఏరుకో. కాడ కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. సగం విచ్చిన కట్ట చవగ్గా ఇస్తానంటే నమ్మకు, ఆదివారానికి అడుగు పూలన్నీ గోధుమ రంగుకు తిరుగుతాయి.

వీటికి తోడుగా ఏం పెట్టాలన్నది పండుగ ఎప్పుడు వస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈస్టరు మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2024లో హోళీ పున్నమి వెంట మార్చి 31న వచ్చింది. 2026లో చైత్ర పున్నమి వెంట ఏప్రిల్ 5న. మార్చిలో వస్తే మెట్టల మీద మోదుగ ఇంకా మిగిలి ఉంటుంది. ఏప్రిల్ చివరికి జరిగితే రేల పూల పసుపు గుత్తులు దిగుతాయి. నీ డాఫొడిల్ పసుపు కన్నా అది ఏం తక్కువ? కాకపోతే రేల రెక్కలు తొందరగా రాలతాయి, ఆరాధనకు కాస్త ముందు మాత్రమే కోసి తెచ్చుకోవాలి. ఆకు మాత్రం ముదురుది తీసుకో. మామిడి చిగురు రాగి రంగులో కంటికి ఇంపుగా ఉంటుంది, గంటలో వేలాడిపోతుంది.

మూడు రకాల పూలు చాలు. బుడితి ఇత్తడి చెంబు ఎవరింట్లోనైనా ఉంటే అడిగి తీసుకో, తెల్లపూలకు దాన్ని మించిన పాత్ర లేదు. కాడలన్నీ ఒకే ఎత్తున కోయకు. రెండు వైపులా అచ్చు ఒకేలా పెడితే పెళ్లి మండపంలా తయారవుతుంది.

ప్రశ్న: శనివారం సాయంత్రం ఎంత బాగా అలంకరించినా వేకువకు సగం పూలు తల వేలాడేస్తున్నాయి. పూలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజి ఇటుకలు కూడా వాడాం. ఏం చేయాలి మేడమ్?
(యువజన సంఘం సభ్యుడు, విజయనగరం)

జవాబు: ఒకటి అడుగుతాను బాబూ, మందిరంలో రాత్రంతా ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయా? అలంకరణ చేసేవాళ్లకు ఉక్కపోత అని వేసి, ఆపకుండానే ఇళ్లకు వెళ్లిపోతారు. పూల పాలిట ఎండ కన్నా ఆ గాలి పాడు.

పూలను శనివారం మధ్యాహ్నమే తెచ్చి మెడ లోతు నీళ్ల బకెట్లో నీడన నాలుగైదు గంటలు ఉంచండి. జెర్బెరాలకు మాత్రం నాలుగు వేళ్ల నీరు చాలు, వాటి నూగు కాడ ఎక్కువ నీటిలో కుళ్లుతుంది. తరువాత ఒక్కో కాడను నీటిలోనే ముంచి, పదునైన కత్తితో ఏటవాలుగా కోయాలి. గాలిలో కోస్తే ఆ గాలి కాడలోకి దూరి నీటికి దారి మూసేస్తుంది. నీటి మట్టానికి దిగువన ఒక్క ఆకు కూడా మిగలకూడదు. ఆకు కుళ్లితే నీళ్లు జిగురుగా మారి కాడ మొదలు మూసుకుపోతుంది. లీటరు నీటికి చెంచా పంచదార, రెండు చెంచాల నిమ్మరసం కలపండి. ఇత్తడి పాత్రలో మాత్రం నిమ్మరసం పోయకండి, లోపల గాజు గ్లాసు దించి అందులో పోయండి.

గ్లాడియోలస్ కాడలను ఆటోలో పడుకోబెట్టి తెస్తున్నారా? కొసలు ఆకాశం వైపు వంగి కొక్కేల్లా తయారవుతాయి. నిలబెట్టి తెండి. ప్రేమవిందుకు తెచ్చిన అరటి గెలలనూ మామిడి పళ్లనూ పూల దగ్గర పెట్టకండి. పండే కాయ విడిచే ఇథిలీన్ వాయువు పువ్వును తొందరగా ముసలిదాన్ని చేస్తుంది. కార్నేషన్లకు అది మరీ పడదు.

ఆ స్పాంజి ఇటుకలంటే నాకు గిట్టదు. పొడిపొడిగా విరిగి ఏళ్ల తరబడి మట్టిలో కలవని ప్లాస్టిక్ అది. జానెడు అరటి బోదె ముక్క తీసుకుని, పుల్లతో కన్నాలు చేసి కాడలు గుచ్చండి. బోదెలోని తడి ఆ ఒక్క రాత్రికి సరిపోతుంది. కింద పళ్లెం పెట్టడం మరవకండి, కారిన రసం గుడ్డకు అంటితే ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోదు.

మరకంటే గుర్తొచ్చింది. ఎవరైనా విశాఖ నుంచి పెద్ద లిల్లీలు తెస్తే, మొగ్గ విచ్చగానే లోపలి కేసరాల తలలను, అవి పొడి రాల్చకముందే, వేళ్లతో గిల్లేయండి. పువ్వు మరో రోజు నిలుస్తుంది, బల్ల మీద పరిచిన పొందూరు ఖద్దరు బతుకుతుంది. అప్పటికే పుప్పొడి పడిందా, తడి గుడ్డతో రుద్దారంటే పనైపోయినట్టే. అంటుకునే టేపుతో అద్ది పైకి లాగాలి.

ప్రశ్న: బలిపీఠం మీద పూలకుండీలు పెట్టబోతే మా ఫాదర్ వద్దన్నారు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలమంతా పూలే లేవు, పండుగ నాడు కూడా అభ్యంతరమా?
(ఒక గృహిణి, సాలూరు)

జవాబు: ఫాదర్ గారిది చాదస్తం కాదమ్మా. పూలు బలిపీఠం బల్ల మీద కాకుండా చుట్టూ, అదీ మితంగా ఉండాలన్నది కతోలిక పూజావిధిలో ఉన్న నియమమే. తపస్సు కాలంలో నాలుగో ఆదివారం, మహోత్సవాలు, పండుగలు తప్ప పూలు వద్దన్నదీ అక్కడిదే.

మీ పూలకు అసలు చోటు పాస్కా కొవ్వొత్తి, అదే ఈస్టరు రాత్రి వెలిగించే పెద్ద కొవ్వొత్తి, పాదం దగ్గర ఉంది. అది పెంతెకొస్తు దాకా, యాభై రోజులు పీఠం దగ్గరే ఉంటుంది. అన్నాళ్లూ కోసిన పూలు కొనలేరు కాబట్టి మొదటి ఆదివారానికి తెల్లపూలు పెట్టి, తరువాత నందివర్ధనం కుండీలు జరపండి. మంటకు అందేంత దగ్గరగా మల్లెదండ మాత్రం చుట్టకండి.

ప్రశ్న: ఈస్టరు వేకువన మా నాయనమ్మ సమాధి మీద పెట్టిన దండను తెల్లారేసరికి మేకలు తినేస్తున్నాయి. మేకలు ముట్టని పూలు ఏవి?
(ఒక విద్యార్థి, పాలకొండ)

జవాబు: గన్నేరు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తారు, వినకు. ఎండిన ఆకులోనూ విషం పోదు, పొరపాటున తింటే ఎవరి మేకో చచ్చిపోతుంది. ఈ ఏటికి బంతిపూలు విడిగా చల్లి, కొవ్వొత్తులు ఆరేదాకా మీరంతా అక్కడే కూర్చోండి. జూన్‌లో తొలకరి పడగానే సమాధి తలాపున తెల్ల బిళ్లగన్నేరు నాటు. ఇసుక నేలలోనూ బతుకుతుంది, ఏడాది పొడుగునా పూస్తుంది, ఆ చేదుకు మేక మూతి పెట్టదు. మొదటి రెండు వారాలు మాత్రం ఎవరో ఒకరు వెళ్లి చెంబెడు నీళ్లు పోయాలి.