కటక్‌లో పేదవాళ్ల అప్పీళ్లు చూడబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

కటక్‌లో లీగల్ ఎయిడ్ అప్పీళ్లు చూసే సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరావని తెలిసిన రోజే మీ పిన్ని మజ్జిగౌరమ్మ గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టేసింది. నేను కొట్టలేదు. ముప్పై ఏళ్లుగా ఇక్కడ రాయగడ కోర్టులో ట్రయల్స్ చేస్తూ, మధ్యమధ్యలో హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పార్వతీపురం, విజయనగరం, పలాస దాటుకుంటూ, అంటే కటక్‌లో ఉన్న మన ఒడిశా హైకోర్టుకి పక్క రాష్ట్రం మీదుగా వెళ్లి అప్పీళ్లు కూడా చూశాను గనక నీకు ఎక్కడ దెబ్బ తగులుతుందో కాస్త తెలుసు. అది చెప్పడానికే ఇది.

ముందు నీ బల్ల మీదకి వచ్చేవి జేసీఆర్‌ఎల్ఏ ఫైళ్లు, జైల్లోంచి సూపరింటెండెంట్ ద్వారా వచ్చే అప్పీళ్లు. తీర్పు కాపీ ఇచ్చి గ్రౌండ్స్, అంటే తీర్పు ఎందుకు తప్పో చెప్పే కారణాలు, రాసుకురమ్మంటారు. తీర్పు చదివి గ్రౌండ్స్ రాయకు. తీర్పుతో మొదలుపెట్టావా, ఆ జడ్జిగారు చూసిన వైపు నుంచే నువ్వూ చూస్తావు, ఇంక బయటపడలేవు. కింది కోర్టు రికార్డు వచ్చేదాకా ఆగి, ఎఫ్ఐఆర్, సీజర్ లిస్టు (పోలీసులు పట్టుకున్నవాటి జాబితా), డిపోజిషన్లు (సాక్షుల వాంగ్మూలాలు), ముద్దాయి స్టేట్‌మెంటు ఈ వరసలో చదువు, తీర్పు ఆఖర్న చదువు. సాక్షి ఒడియాలో చెప్పింది ఒడియాలోనే చదువు. ఇంగ్లీషు తర్జుమాతో పని కానిచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లకి టైం మిగులుతుంది, క్లయింటుకి శిక్ష మిగులుతుంది.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. గుణుపురం వైపు ఒకతను, తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. ట్రయల్ చివర్లో ముద్దాయిని అడిగే ప్రశ్నలుంటాయి కదా, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 313, ఇప్పుడు కొత్త కోడ్ బీఎన్ఎస్ఎస్‌లో 351, అవన్నీ ఒడియాలో అడిగారు. ఈయన ప్రతిదానికీ ‘ఆఁ, ఆఁ’ అన్నాడు. మనింట్లో తాతయ్య కథ చెబుతుంటే ఊ కొడతామే, అలాగ. వింటున్నానండీ అని. రికార్డులో మాత్రం ప్రతి ప్రశ్న కిందా ‘అవును, నిజం’ అని ఎక్కింది. ఆయన్ని జైల్లో కలిసి, మీరేం చెప్పారండీ అని అడిగేదాకా నాకూ తెలీలేదు. తెలుగువాళ్లకే ఇలా అయితే సవరలు, కువి మాట్లాడే గిరిజనుల గతి ఆలోచించు. ఫైల్లో దుబాసీని పెట్టినట్టు ఎక్కడైనా రాసి ఉందా, ఆ దుబాసీ ఎవరు, పోలీసువాడేనా, ఇది ప్రతి ఫైల్లో వెతుకు. ముద్దాయి ముందు పెట్టని విషయాన్ని అతని మీద వాడకూడదని శరద్ సార్దా కేసులో 1984లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అర్థం కాని భాషలో పెట్టడం పెట్టడమేనా అన్నది నీ వాదన. అయితే దానివల్ల అతనికి ఏం నష్టం జరిగిందో కూడా చూపించాలి, ఊరికే తప్పు జరిగింది అంటే బెంచి కదలదు.

మన వైపు నుంచి గంజాయి కేసులు చాలా వస్తాయి. మోసినవాడికి దొరికేది కూలి, సరుకు ఎవడిదో చాలాసార్లు తెలీదు, పదేళ్లు మాత్రం వీడికి. కొత్తవాళ్లందరూ చేసే తప్పొకటుంది, ప్రతి అప్పీల్లోనూ మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 50లోని సోదా పద్ధతి పాటించలేదని మొదటి గ్రౌండ్‌గా రాసేస్తారు. సరుకు సంచిలో దొరికితే 50 వర్తించదని పవన్ కుమార్ కేసులో 2005లోనే తేలిపోయింది, అది మనిషి ఒంటి మీద సోదాకే. ఆ గ్రౌండ్ చూడగానే జడ్జిగారికి నువ్వు ఫైలు చదవలేదని అర్థమైపోతుంది. నువ్వు బరువు చూడు. 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, కనీసం 10 ఏళ్లు, కనీసం లక్ష జరిమానా. దాటకపోతే కనీస శిక్ష లేదు. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులూ గింజలూ లెక్కలోకి రావు. మరి సీజర్ లిస్టులో 23 కిలోలని ఉంటే ఏది తూచారు, గోనెసంచితో కలిపా, కొమ్మలతోనా, త్రాసు ఎవరిది, మేజిస్ట్రేటు ముందు అదే చట్టం 52ఏ కింద తీసిన లిస్టులోనూ అదే బరువుందా? సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎవరూ అడక్కపోయినా కాగితాల్లో తేడా కనబడితే అది నీది.

శిక్ష తగ్గకపోతే జరిమానా చూడు. లక్ష కట్టలేనివాడు ఇంకో ఏడాదో రెండేళ్లో లోపలే ఉంటాడు. శాంతిలాల్ కేసులో 2007లో జరిమానా కట్టనందుకు వేసిన మూడేళ్ల డిఫాల్ట్ శిక్షని సుప్రీంకోర్టు ఆరునెలలకి దించింది. ఇది ఆఖరి గ్రౌండ్‌గా అడగడం చాలామంది మర్చిపోతారు, సిగ్గుపడతారేమో కూడా, ఓడిపోతామని ఒప్పుకున్నట్టు ఉంటుందని. నువ్వు సిగ్గుపడకు.

లిమిటేషన్, అంటే అప్పీలు వేసే గడువు, నీకు చెప్పక్కర్లేదు, హైకోర్టుకి 60 రోజులు, మరణశిక్షయితే 30. ఆలస్యమైతే కారణం నిజంగా అడిగి తెలుసుకుని రాయి, ‘పేదరికం, నిరక్షరాస్యత’ అని అచ్చు వేసినట్టు రాయకు. తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలని 1978 హోస్కాట్ తీర్పులోనే ఉంది. కాపీ ఎప్పుడు చేతికొచ్చిందో అతన్నే అడుగు.

జీవితఖైదు ఫైళ్లు నీ పేరు మీద రావు, బాధపడకు. అనోఖీలాల్ కేసులో 2019లో సుప్రీంకోర్టు పదేళ్ల ప్రాక్టీసు లేనివాళ్లని అలాంటి కేసుల్లో పెట్టొద్దంది. మంచిదే. ఆ పదేళ్లూ నోట్స్ రాసి మీ సీనియర్‌కి ఇవ్వు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, పిన్నికి కూడా పూర్తిగా తెలీదు. పొలం గొడవలో కత్తి విసిరిన కేసు. అప్పీల్లో శిక్ష సస్పెండ్ చేయించి బెయిల్ తెచ్చాను, సంతోషంగా రైలెక్కి వచ్చేశాను. ఐదు నెలల తర్వాత వాళ్లమ్మ కోర్టు వరండాలో నన్ను పట్టుకుని, ‘బాబూ, మా వోడు ఎప్పుడొస్తాడు?’ అంది. ఇద్దరు లోకల్ శ్యూరిటీలు, అంటే జామీను ఉండేవాళ్లు, కావాలన్నారు. పట్టా ఉన్నవాడు ఒక్కడూ ముందుకు రాలేదు. వాడు లోపలే ఉన్నాడు, ఆర్డరు కాగితం నా ఫైల్లో ఉంది. జైలువాళ్లు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలున్నాయి: బెయిలొచ్చి ఏడు రోజుల్లో బయటికి రాకపోతే సూపరింటెండెంట్ జిల్లా లీగల్ సర్వీసెస్ కార్యదర్శికి చెప్పాలి, నెలదాకా శ్యూరిటీ ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే చూడొచ్చు. ఉన్నాయి కదా అని వదిలెయ్యకు. ఆర్డరొచ్చిన ఎనిమిదో రోజు జైలుకి ఫోన్ చెయ్యి, డైరీలో ముందే రాసుకో.

ఇంకొకటి, జిల్లాల్లో వర్చువల్ హైకోర్టు (ఇక్కణ్ణించే వీడియోలో వాదించే ఏర్పాటు) వచ్చింది కాబట్టి వాదనకి రైలెక్కక్కర్లేదని మావాళ్లంతా సంబరపడుతున్నారు, నేనూ వాడుతున్నాను. జైలుకి మాత్రం మనిషివే వెళ్లాలి. మన వైపు ఫైలు ఏదొచ్చినా నెంబరు నాకు పంపు, ఇక్కడి జైలుకి నేను వెళ్తాను, ఇంటివాళ్లతో తెలుగులోనో కువిలోనో మాట్లాడే మనిషిని కూడా వెతికి పెడతాను. పండక్కి వచ్చినప్పుడు నువ్వు చదివిన మొదటి రికార్డు నోట్స్ పట్టుకురా. ఎర్ర పెన్ను రెడీగా ఉంచుతాను.

మీ చిన్నాన్న
రాయగడ