ఎర్ర గులాబీకి తెల్లపూలు!

ప్రశ్న: మాది హన్మకొండ. నర్సరీలో కొన్న ఎర్ర గులాబీ అంటు మొక్కను ప్రహరీ పక్కన పెట్టాం. పోయిన ఎండాకాలం పైకొమ్మలన్నీ ఎండిపోయాయి. చచ్చిందనుకుంటే కింద నుంచి పొడవాటి తీగలు లేచి గోడెక్కాయి, ఇప్పుడు గుత్తులు గుత్తులుగా చిన్న తెల్లపూలు. రంగు మారిందా? ఈ రేకులతో గుల్కంద్ చేసుకోవచ్చా, పీకి పారేయాలా?

జవాబు: రంగేమీ మారలేదండీ. మీరు కొన్న ఎర్ర గులాబీ పోయింది, దాన్ని మోసిన అడవి గులాబీ మిగిలింది. నర్సరీవాళ్లు రంగు గులాబీ కన్ను (ఆకు మొదట్లో ఉండే చిగురు మొగ్గ) తీసి మొండి రకం కాండం మీద అంటు కడతారు. మీరు చెప్పినదాన్నిబట్టి మీ దగ్గరున్నది రోజా మల్టీఫ్లోరా కావచ్చు, జపాన్, చైనా, కొరియాల్లో అడవిలో పెరిగే తీగ జాతి. ఆకు కాడ కాండానికి అతుక్కునే చోట చూడండి, రెండు పక్కలా దువ్వెన పళ్లలా చీలిన సన్నటి అంచు ఉంటే అదే. ఒక్కో కాడకు ఏడు ఆకులుంటే అడవిది, అయిదుంటే అసలుది అని చెప్పే లెక్క నమ్మకండి, తోట గులాబీలకూ ఏడేసి వస్తుంటాయి.

గుల్కంద్ ఆలోచన మానుకోండి. దానికి పన్నీరు గులాబీ కావాలి, ఈ చిన్న రేకులు గిన్నెడు పోగయ్యేసరికి మీ ఓపిక అయిపోతుంది. పూల తర్వాత వచ్చే ఎర్రటి చిన్న కాయలను జపాన్‌లో విరేచనాల మందుగా వాడతారు, కాబట్టి పిల్లలు కోసుకు తినకుండా చూసుకోండి, పైగా లోపలి నూగు గొంతులో గుచ్చుకుంటుంది.

పొలం గట్టుకు కంచెగా వేద్దామనుకునేవాళ్లూ ఒక్క మాట వినండి. అమెరికాలో 1930ల నుంచి నేల కోతకు గురికాకుండా, పశువులు దాటకుండా దీన్ని ప్రభుత్వమే నాటించింది. పిట్టలు కాయలు తిని గింజలు ఎక్కడపడితే అక్కడ వేశాయి, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో అది కలుపు మొక్కల జాబితాలో ఉంది.

మీకు అసలు లాభం వేరు. వేరు పట్టిన మొండి మొక్క చేతికొచ్చింది, పీకకండి. చలికాలంలో పెన్సిలంత లావు తీగకు బెరడు వరకే టి ఆకారంలో గాటు పెట్టి, పక్కింటి గులాబీ నుంచి నచ్చిన రంగు కన్ను అడిగి తెచ్చి అందులో దూర్చి, కన్ను బయటికి కనిపించేలా పాలిథిన్ పట్టీ చుట్టండి. రెండు మూడు వారాలకు పచ్చగానే ఉంటే పట్టినట్టే, చిగురు సాగాక పైతీగ కోసేయండి. నల్లబడితే ఇంకో పక్కన మళ్లీ కట్టండి. ఆ తర్వాత కింద నుంచి పిలక లేస్తే కత్తెరతో కోయొద్దు, మొదట్లో పట్టుకుని చీల్చి లాగేయండి, కోస్తే ఒకటికి రెండొస్తాయి.