57 ఏళ్ళకి బరువులెత్తుతుంటే నడుము కలుక్కుమంది. ప్రాక్టీస్ ఆపేయాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. వయసు 57, వారానికి నాలుగు రోజులు స్నాచ్ (బరువుల కడ్డీని, అంటే బార్‌ని, నేల మీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి, అక్కణ్ణుంచి తలపైకి ఎత్తడం) చేస్తారు, మూడు నెలల్లో మాస్టర్స్ పోటీ, అంటే వయసు పైబడినవాళ్ళ పోటీ ఉంది. గత వారం వార్మప్‌లో 50 కిలోలు నేల మీంచి తీస్తుంటే నడుము కలుక్కుమంది, అక్కడే ఒంగిపోయారు. నొప్పి నడుములోనే ఉంది, కాళ్ళలోకి దిగలేదు. డాక్టర్ మూడు వారాలు పూర్తిగా రెస్ట్ తీసుకోమన్నారు, జిమ్‌లో కుర్రాళ్ళేమో బెల్ట్ బిగించి చేసేయమంటున్నారు. ఎవరి మాట వినాలి అని ప్రశ్న.

నేనైతే ఇద్దరి మాటా పూర్తిగా వినను. బార్ వదలక్కర్లేదు, అలాగని నొప్పిని తొక్కిపట్టి ఎత్తకూడదు. ఎంత ఎత్తాలో మాత్రం ప్లాట్‌ఫాం మీద తేల్చుకోకండి, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు తేలుతుంది. అదెలాగో కాస్త వివరంగా చెప్తాను.

ముందు నా సంగతి. నేను డాక్టర్ని కాను, హైస్కూల్లో పీఈటీని. శ్రీకాకుళం జిల్లా. కాలేజీ రోజుల్లో బరువులెత్తాను, పెళ్ళయ్యాక మానేశాను, పిల్లలు చేతికందొచ్చాక మళ్ళీ మొదలుపెట్టాను. 2000లో మా జిల్లా కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చాక మా వైపు ఆడపిల్ల బార్ పట్టుకోవడం ఎవరికీ వింత కాదు. 50 దాటిన ఆవిడ పట్టుకోవడం మాత్రం ఇప్పటికీ వింతే, అది వేరే విషయం.

నాకు కలుక్కుమన్నది అసలు ఎత్తేటప్పుడు కాదు. ప్రాక్టీస్ అయిపోయింది, ప్లేట్లు సర్దుతున్నాను, ఎవరో పలకరిస్తే వాళ్ళ వైపు తిరిగి మాట్లాడుతూ కింద ఉన్న 10 కిలోల ప్లేటు తీశాను. అంతే. ఊపిరి కూడా సగంలో ఆగిపోయింది. ఆటోలో ఇంటికి తీసుకొచ్చారు, దారిలో ఉన్న ప్రతి గొయ్యీ నా నడుముకి తెలిసింది. మా అత్తగారు వావిలాకు మరిగించి కాపడం పెట్టారు, హాయిగానే ఉంది. పక్కింటావిడ వచ్చి, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద తన్నించుకుంటే పట్టు వదిలిపోతుందని, అలాంటి కుర్రాడు మా వీధిలోనే ఉన్నాడని చెప్పింది. ఆ కుర్రాడు మా స్కూల్లోనే తొమ్మిదో తరగతి. పీఈటీ టీచర్ని తన్నే అవకాశం వాడు వదులుకుంటాడా? కాపడంతో సరిపెట్టుకున్నాను.

మీకు 50 కిలోల దగ్గర, అదీ వార్మప్‌లో పట్టేసిందని మీరు సిగ్గుపడుతున్నట్టు రాశారు. అక్కర్లేదు. సిడ్నీలో 999 మంది నడుం నొప్పివాళ్ళని, నొప్పి రావడానికి ముందు ఏం చేస్తున్నారని అడిగి చేసిన పరిశోధన ఒకటి 2015లో వచ్చింది. పని చేస్తూ ధ్యాస ఇంకెక్కడో ఉండటం, వంకరగా ఒంగడం, బాగా అలసిపోయి ఉండటం, ఇవన్నీ నొప్పిని తెచ్చేవాటిలో తేలాయి. అందులో మనలాంటివాళ్ళకి పనికొచ్చే ముక్క ఇంకోటుంది. బరువులెత్తడం వల్ల నొప్పి వచ్చే అవకాశం 20 ఏళ్ళవాళ్ళలో ఎక్కువగా పెరిగింది, 60 ఏళ్ళవాళ్ళలో అంతకన్నా చాలా తక్కువగా పెరిగింది. ‘ఈ వయసులో నీకెందుకయ్యా బరువులు’ అనే బంధువులకి ఇది వినిపించండి. నొప్పి ఎక్కువగా మొదలైన సమయం ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 12 లోపు అని కూడా తేలింది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇక ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గర తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి. ఒంటికి, రెంటికి వెళ్ళడంలో తేడా రావడం, అంటే మూత్రం రాకపోవడమో, తెలియకుండా పోవడమో. కూర్చుంటే సీటుకి ఆనే చోట, తొడల మధ్య మొద్దుబారడం. పాదం పైకి లేవక చెప్పు జారిపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే, రాత్రయినా సరే, పెద్దాసుపత్రికి వెళ్ళాలి. జ్వరంతో కూడిన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో కాన్సర్ ఉండటం, పడుకున్నా ఏ భంగిమలోనూ తగ్గని నొప్పి, ఇవీ తేలిగ్గా తీసుకోకూడదు. ఉబ్బసానికో కీళ్ళవాతానికో చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడి ఉంటే ఎముక గుల్లబారి చిన్న బరువుకే వెన్నుపూస నొక్కుకుపోవచ్చు, ఆ మాట డాక్టర్‌కి మీరే చెప్పండి. నా విషయంలో నెలసరి ఆగి కొన్నేళ్ళయింది కాబట్టి డాక్టర్ ఎక్స్‌రే తీయించి, పూసలు బాగానే ఉన్నాయని చూశాకే వదిలారు. కుర్రాళ్ళకి, మనకి అసలు తేడా ఇక్కడే. ఈ పరీక్ష దాటకుండా ‘బెల్ట్ బిగించి చేసెయ్’ అనడానికి వాళ్ళకి హక్కు లేదు.

ఎమ్మారై తీయించమని మీకు చాలామంది చెప్తారు. పైన చెప్పిన లక్షణాలు లేకపోతే తొందరపడకండి. అసలు నొప్పే లేనివాళ్ళ వెన్ను స్కాన్‌లు మూడు వేలకు పైగా కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. 50 ఏళ్ళవాళ్ళలో 80 శాతం మందికి డిస్కులు అరిగి ఉన్నాయి, 60 శాతం మందికి డిస్క్ ఉబ్బి ఉంది. 60 ఏళ్ళకి అవి 88, 69 శాతం. వీళ్ళెవరికీ నడుం నొప్పి లేదు! కాబట్టి మీ రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అని ఉంటే అది మొన్న కలుక్కుమన్నప్పటిదో, పదేళ్ళ నాటిదో ఎవరూ చెప్పలేరు. ఆ కాగితం చదివి బార్ ముట్టడమే మానేసిన వాళ్ళు నాకు తెలుసు.

రెస్ట్ మాటకొస్తే, మీ డాక్టర్ అన్నది బార్‌కి రెస్టా, మంచం మీద రెస్టా అని ఇంకోసారి అడగండి. హెల్సింకీలో నగరపాలక ఉద్యోగుల మీద చేసిన పరిశోధన 1995లో అచ్చయింది. కొంతమందిని రెండు రోజులు మంచం మీద ఉంచారు, కొంతమంది చేత వెన్ను వ్యాయామాలు చేయించారు, మిగతావాళ్ళని నొప్పి ఒప్పుకున్నంత మేర మామూలు పనులు చేసుకోమన్నారు. త్వరగా కోలుకున్నది ఈ మూడోవాళ్ళే. ఆ రెండోవాళ్ళని చూడండి. నొప్పి పచ్చిగా ఉన్నప్పుడు వ్యాయామాలు చేయడం కూడా మామూలుగా తిరగడం కన్నా మెరుగు కాలేదు. అందుకని మొదటి నాలుగైదు రోజులు ‘నడుముకి ఎక్సర్‌సైజులు’ అని వెతికి పది రకాలు మొదలుపెట్టకండి. నడవండి. పది నిమిషాలు, మళ్ళీ కాసేపయ్యాక పది నిమిషాలు. మంచం మీంచి లేచేటప్పుడు పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు కిందికి వదిలి, చేత్తో తోసుకుని లేవండి. తుమ్మొస్తే గోడ పట్టుకోండి, నవ్వకండి, నిజంగా ఉపయోగపడుతుంది. కింద కూర్చుని భోజనం, బాసింపట్టు, ముందుకు ఒంగి షూ లేసులు, ఇవి కొన్నాళ్ళు పక్కన పెట్టండి. నా విషయంలో నిలబడటం కన్నా కూర్చోవడం ఎక్కువ బాధించింది, స్టాఫ్ రూమ్‌లో నిలబడే పేపర్లు దిద్దాను.

ఇప్పుడు బార్ సంగతి. నడుముని ముందుకు ఒంచకుండా చేసే పనులు ముందు వస్తాయి. చేతుల్లో డంబెల్స్‌తో ఒక కాలు ముందుకేసి చేసే స్ప్లిట్ స్క్వాట్ (స్క్వాట్ అంటే గుంజీలా కిందికి దిగి లేవడం), నిలబడి ప్రెస్ (బరువుని తలపైకి తోయడం), పుల్లప్‌లు, ఛాతీ దగ్గర చిన్న బరువు పట్టుకుని బల్ల ఎత్తు దాకా స్క్వాట్. వీటికి నొప్పి పెరగకపోతే ఖాళీ బార్‌తో ఫ్రంట్ స్క్వాట్. బార్ మెడ వెనక కన్నా ముందు భుజాల మీద ఉంటే ఒళ్ళు నిటారుగా ఉంటుంది, నడుము మీద లాగుడు తగ్గుతుంది. బార్‌ని కింది నుంచి లాగే లిఫ్ట్‌లకి మాత్రం నేల జోలికి వెళ్ళకండి. బ్లాకుల మీద, లేకపోతే పేర్చిన ప్లేట్ల మీద బార్ పెట్టి మోకాలి పైనుంచి లాగండి. అది వారం పాటు ఇబ్బంది లేకుండా సాగితే మోకాలి కిందికి, తర్వాత పిక్క మధ్యకి, చివరికి నేలకి. బరువు పెంచడం, బార్ పెట్టే ఎత్తు తగ్గించడం రెండూ ఒకే రోజు వద్దు.

ఇక ఆ మర్నాటి లెక్క. ఎత్తుతున్నప్పుడు కొంచెం నొప్పి ఉండొచ్చు. పదిలో రెండు, మూడు అనుకోండి. ఒళ్ళు వేడెక్కాక అది మాయమవుతుంది కూడా, అక్కడే మోసపోతాం. ఆ వేడిలో ఇంకో ప్లేటు ఎక్కిస్తాం. మర్నాడు మంచం దిగేటప్పుడు నడుము నిన్నటిలాగే ఉందా, బిగుసుకుందా అన్నది చూడండి. నిన్నటిలాగే ఉన్నా, తేలిగ్గా ఉన్నా, చేసిన పని సరిపోయింది, ఇంకొంచెం పెంచొచ్చు. బిగుసుకుంటే, గంట నడిచినా సడలకపోతే, నిన్న చేసింది ఎక్కువైంది. మానేయకుండా దాన్ని సగం చేయండి. నేను గోడ మీది క్యాలెండర్లో ప్రతి తేదీ పక్కనా పెన్సిల్‌తో ఒక అంకె వేసేదాన్ని, పొద్దున నొప్పికి. పాలవాడి లెక్క అనుకుని మావారు ఒకసారి దాన్ని చెరిపేశారు.

ఈ లెక్క సరిగ్గా తేలాలంటే నొప్పి మాత్రల్ని దూరంగా ఉంచాలి. ప్రాక్టీస్‌కి ముందు మాత్ర వేసుకుని వెళ్తే పొద్దున వచ్చే కబురు రాదు. మొదటి రెండు మూడు రోజులు నిద్ర పట్టడానికి వేసుకుంటే తప్పు లేదు, డాక్టర్ని అడిగి. కానీ మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి బీపీ, కిడ్నీ, గ్యాస్ సమస్యలున్నవాళ్ళకి చేటు చేస్తాయి. మన వయసులో ఆ మూడింట్లో ఒకటైనా లేనివాళ్ళు తక్కువ.

బెల్ట్ గురించి ఒక్క మాట. పొట్టలో ఊపిరి బిగబట్టి దాన్ని బెల్ట్‌కి అదిమినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి వెన్నుకి ఊతం వస్తుంది. పెద్ద బరువులకి పనికొస్తుంది, నొప్పికి మందు కాదు. బెల్ట్ లేకుండా చేయలేని బరువు ఈ రెండు నెలలూ మీది కాదు.

అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది వేళ. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నులో డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున మనం సాయంత్రం కన్నా ఒక సెంటీమీటరో, ఇంకాస్తో పొడవుంటాం. అలా నిండుగా ఉన్న డిస్కుతో ఒంగితే సాయంత్రం ఒంగినప్పటికన్నా ఎక్కువ ఒత్తిడి పడుతుంది. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్నవాళ్ళని పొద్దున లేచాక మొదటి కొన్ని గంటలు ఒంగొద్దని చెప్పి చూస్తే, అంతమాత్రానికే నొప్పి తగ్గిందని 1998లో ఒక పరిశోధన వచ్చింది. మనవాళ్ళేమో తెల్లవారుజామున అయిదింటికి లేచి, కాఫీ తాగి, అయిదున్నరకి నేల మీంచి బార్ లాగుతారు. నాదీ అదే అలవాటు. ఎండలకి భయపడి ఆ వేళ పెట్టుకుంటాం. నేను ప్రాక్టీస్ సాయంత్రం స్కూల్ అయ్యాకకి మార్చుకున్నాను, తెల్లవారితే నడక మాత్రమే. ఇంటి ముందు ముగ్గు మా కోడలికి అప్పగించాను, తను ఫోన్లో చూసి నాకన్నా బాగా వేస్తోంది.

పోటీకి మూడు నెలలుంది కాబట్టి ఇప్పుడే పేరు వెనక్కి తీసుకోకండి. నేల మీంచి లాగడం మళ్ళీ మొదలయ్యాక, పోటీకి రెండు వారాల ముందు, మర్నాడు పొద్దున ఇబ్బంది లేకుండా ఎంత ఎత్తగలుగుతున్నారో దానికన్నా కొంచెం తక్కువే మొదటి ప్రయత్నానికి రాయించండి. స్నాచ్‌కి మూడు, క్లీన్ అండ్ జెర్క్‌కి మూడు ప్రయత్నాలుంటాయి, రెండింట్లోనూ మొదటిది నిలబడితే టోటల్, అంటే రెండింటి మొత్తం, వస్తుంది. అప్పటికింకా మోకాలి పైనుంచే లాగుతుంటే ఈసారికి ప్రేక్షకుల్లో కూర్చోండి.

మీరు ప్రాక్టీస్ పొద్దున చేస్తారా, సాయంత్రమా అన్నది రాయలేదు. స్టెరాయిడ్ మాత్రల సంగతి, బీపీ సంగతి కూడా. ఆ మూడూ చెప్తే ఇంకొంచెం వివరంగా రాస్తాను.