జుకినీ వేపుడు నీళ్ళూరకుండా, గుజ్జవకుండా రావాలంటే

ఒంగోలు సూపర్‌మార్కెట్లో జుకినీ దొరికితే తెచ్చి, బీరకాయ లాగే తిరగమోతలో వేసి మూత పెట్టి మగ్గించారనీ, పది నిమిషాలకు బాండలి నిండా నీళ్ళూరి ముక్క గుజ్జయిందనీ రాశారు. మీరు చేసిన పద్ధతి బీరకాయకు చక్కగా సరిపోతుంది, ఈ కాయకే సరిపోదు. జుకినీ గుమ్మడి జాతిది, అందులో 94 శాతం నీళ్ళే. దాన్ని మగ్గించాలని చూడకుండా పెద్ద మంట మీద పైపైన ఎర్రగా కాల్చి దించేయాలి. ఒక వాయి ముక్కలు పొయ్యి మీద ఉండాల్సింది ఐదారు నిమిషాలే.

ముందు కాయ సంగతి. జానెడు మించని, ఒక్కొక్కటి 200 గ్రాములుండే సన్న కాయలు తీసుకోండి. తోలు నిగనిగలాడుతూ గోరు ఇట్టే దిగాలి. మోచేతంత పెరిగిన కాయలో గింజ ముదిరి, మధ్య భాగం దూదిలా ఉంటుంది. అదే దొరికితే నిలువునా చీల్చి, స్పూనుతో గింజ గీకేసి అంచుల్ని మాత్రమే వాడండి. తోలు తీయొద్దు, ముక్క విడిపోకుండా పట్టుకునేది అదే. తొడిమ కోశాక చిన్న ముక్క పచ్చిదే కొరికి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారేయాలి. చేదు సొరకాయలో ఉండే కుకుర్బిటాసిన్లనే చేదు విషపదార్థాలే ఇందులోనూ ఉంటాయి. ఉడికించినా పోవు. కడుపునొప్పి, వాంతులు పట్టుకుంటాయి. ఉప్పూ కారం వేస్తే సర్దుకుంటుందిలే అనుకోవద్దు.

ముగ్గురికి రెండు కాయలు, అంటే 400 గ్రాములు చాలు. నిలువునా రెండుగా చీల్చి, సెంటీమీటరు మందాన అర్ధచంద్రాల్లా కోయండి. దొండకాయకు కోసినట్టు పలచగా కోస్తే పైన ఎర్రబడే లోపే లోపల కరిగిపోతుంది. ముక్కలకు అర టీస్పూను ఉప్పు పట్టించి చిల్లుల గిన్నెలో 15 నిమిషాలు వదిలేయండి. కింద రెండు మూడు స్పూన్ల నీళ్ళు దిగుతాయి. ఆ పైన ముక్కల్ని కడగకుండా, పిండకుండా పొడి గుడ్డ మీద పరిచి అద్దండి. ఈ అద్దడం మానేసినవాళ్ళకే ఎక్కువగా చెడుతుంది. తడి ముక్క నూనెలో పడితే చిటపటలాడడం ఒక్కటే కాదు, ఆ తడి ఆవిరయ్యే దాకా పెనం వేడంతా దానికే ఖర్చవుతుంది. నీళ్ళున్నంతసేపూ ముక్క వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రబడాలంటే పైభాగం 140 డిగ్రీల దాకా పోవాలి.

గుంట బాండలి వద్దు. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి కింద ఆవిరి నిలిచిపోతుంది. అట్లు పోసే మందపాటి ఇనప పెనం గానీ, అడుగు చదునుగా ఉండే వెడల్పాటి పాన్ గానీ తీసుకోండి. బాగా కాగాక ఒకటిన్నర టేబుల్‌స్పూను వేరుశనగ నూనె వేసి, ముక్కల్ని కోసిన వైపు కిందికి ఉండేలా ఒకే వరసలో పేర్చండి. నాలుగు వందల గ్రాములూ ఒకేసారి పట్టవు, రెండు వాయిలు చేయాల్సిందే. వేశాక మూడు నిమిషాలు గరిటె పెట్టొద్దు. కలుపుతూ ఉంటే ఏ వైపూ వేగదు. అంచులు గోధుమ రంగుకు తిరిగాక అట్లకాడతో తిప్పి ఇంకో రెండు నిమిషాలు ఉంచి, పళ్ళెంలోకి తీసి పరచండి. గిన్నెలో గుట్టగా పోస్తే ఆ వేడికే మళ్ళీ చెమ్మగిల్లుతాయి. మూత మాత్రం ఏ దశలోనూ పెట్టొద్దు.

మన వైపు వేపుడంటే పైన పొడి పడాలి కదా. రెండు టేబుల్‌స్పూన్ల పుట్నాల పప్పు, నాలుగు ఎండుమిరపకాయలు, అర టీస్పూను జీలకర్ర, టేబుల్‌స్పూను ఎండుకొబ్బరి, మూడు తెల్లగడ్డ రెబ్బలు. మిరపకాయల్ని ముందు సన్న సెగ మీద వేయించుకుని, అన్నీ బరకగా తిప్పండి. ఈ కూరకు ఉత్త కారప్పొడి కన్నా ఇదే నయం, మిగిలిన కాస్త తేమనూ పుట్నాలు పీల్చుకుంటాయి. ఉప్పు ముక్కకు ముందే పట్టింది కాబట్టి పొడిలో చిటికెడు మించకూడదు.

అదే పెనంలో టీస్పూను నూనె వేసి ఆవాలు, మినప్పప్పు, నలిపిన తెల్లగడ్డ, కరివేపాకు తిరగమోత పెట్టండి. తెల్లగడ్డ దోరగా వేగగానే పావు టీస్పూను పసుపు వేసి పొయ్యి ఆపేయండి. ఆ తరవాతే ముక్కలు, పొడి వేసి రెండు మూడు సార్లు ఎగరేసినట్టు కలపండి. పొడిని మంట మీద వేస్తే మిరప ఘాటెక్కి తెల్లగడ్డ చేదవుతుంది. ముక్కలతో పాటు మొదట్లోనే వేస్తే ఊరే నీళ్ళకు పేస్టులా అంటుకుంటుంది.

ఎర్రగడ్డ వేయొచ్చా అని కూడా అడిగారు. వేయొచ్చు గానీ జుకినీతో కలిపి కాదు, అదీ నీళ్ళు వదిలేదే. ఒక ఎర్రగడ్డను సన్నగా కోసి విడిగా ఎర్రగా వేయించి, చివర్లో కలపండి. నాకైతే లేకపోతేనే ముక్క రుచి తెలుస్తుంది.

చేసిన వెంటనే తినాలి, ఇందులో మినహాయింపు లేదు. అరగంట ఆగితే ఉప్పు లోపలి నీళ్ళను మళ్ళీ బయటికి లాగుతుంది. క్యారేజీకి పనికిరాదు, పొద్దున చేసి మధ్యాహ్నానికి పెట్టేదీ కాదు. అన్నం, పప్పుచారు సిద్ధమయ్యాక పెనం ఎక్కించండి. నెల్లూరు మసూరి అన్నంలోకి ముద్దపప్పు, నెయ్యి కలుపుకుని పక్కన ఇది నంజుకుంటే బాగుంటుంది. పులుసు కూరల పక్కన దీని రుచి తేలిపోతుంది.

కాయల్ని కడగకుండా ఫ్రిజ్‌లో కింది కూరగాయల అరలో పెడితే నాలుగైదు రోజులుంటాయి. ఫ్రీజర్ దగ్గరి అరలో పెడితే చలికి తోలు మీద గుంటలు పడి మెత్తబడతాయి. జుకినీ దొరకని రోజున గింజ పట్టని లేత సొరకాయను ఇదే కొలతలతో చేయొచ్చు. తోలు చెక్కి, తిప్పాక ఒక నిమిషం అదనంగా ఉంచండి. బీరకాయతో మాత్రం ఈ పద్ధతి వద్దు, స్పాంజిలా నూనె పీల్చుకుని కూలబడిపోతుంది.