ఒంటిచేత్తో పిస్టల్: మూడు సెకన్లలో పది ఎలా పడుతుంది?

నెమ్మదిగా కాల్చే ప్రిసిషన్ స్టేజ్‌లో షాట్‌కి తొమ్మిది, పది పాయింట్లు పడుతున్నాయి, లైటు వెలిగిన కొద్ది సెకన్లలోనే కాల్చాల్సిన ర్యాపిడ్‌కి రాగానే ఏడుకీ ఆరుకీ జారిపోతున్నాయి, ట్రిగర్ గబగబా నొక్కడం ఎంత ప్రాక్టీస్ చేసినా లాభం లేదు, ఎడమ చేత్తో కూడా మొదలుపెట్టనా అని అడిగారు. నేను 25 మీటర్ల స్పోర్ట్స్ పిస్టల్ కొన్నేళ్లు రాష్ట్ర పోటీల్లో కాల్చాను. ఇప్పుడు క్లబ్బులో కొత్తగా వచ్చే అమ్మాయిలకి తెలిసింది చెప్తుంటాను. ముందుగా ఒక మాట: ఆ గబగబా నొక్కే ప్రాక్టీస్ ఆపెయ్యండి. అది వేగం నేర్పదు, ట్రిగర్ గుంజడం నేర్పుతుంది.

మన ఈవెంట్‌లో ర్యాపిడ్ అంటే ఒక్కో షాట్‌కి పచ్చ లైటు మూడు సెకన్లు, తర్వాత ఎర్ర లైటు ఏడు సెకన్లు. లైటు మారేదాకా చెయ్యి 45 డిగ్రీల కిందే ఉండాలి. ఆ మూడు సెకన్లలో చాలామంది చేసేదేమిటంటే, చెయ్యి లేపుతారు, ఆపుతారు, గురి చూసుకుంటారు, అప్పుడు ట్రిగర్ మీద ధ్యాస పెడతారు. అప్పటికి టైము అయిపోవచ్చింది. ఇక గుంజక ఏం చేస్తారు?

ట్రిగర్ పని చెయ్యి లేస్తుండగానే మొదలవ్వాలి. 25 మీటర్ల పిస్టల్‌కి ట్రిగర్ బరువు కనీసం 1000 గ్రాములు ఉండాలని రూలు. అందులో ఫస్ట్ స్టేజ్ (ట్రిగర్ గట్టిగా తగిలేదాకా ఉండే మొదటి నొక్కు) మొత్తం దారిలోనే తీసేసుకోవాలి. పిస్టల్ టార్గెట్ కింది అంచుని దాటేసరికి వేలి మీద ముప్పాతిక బరువు ఉండాలి. చెయ్యి మొదట చురుగ్గా లేచి, పైకి వచ్చేకొద్దీ నెమ్మదించాలి. చెయ్యి నిలబడడం, మిగిలిన కాస్త బరువు పడడం దాదాపు ఒకేసారి జరిగిపోవాలి. ఇలా అలవాటైతే షాట్ రెండో సెకను దాటి కాస్తకి దానంతటదే వెళ్తుంది, ఇంకా టైము మిగిలే ఉంటుంది. మా అమ్మాయిలు మొదటిసారి ఇది చేసినప్పుడు "అరె, లైటు ఇంకా పచ్చగానే ఉందే" అంటారు.

"చెయ్యి ఊగుతుంటే ఎలా కాల్చను?" అని మీరు అడిగే లోపే చెప్తాను. ఊగనివ్వండి. ఒక చిన్న లెక్క వేద్దాం. పిస్టల్ ముందు కొసన గురికి ఉండే ఫ్రంట్ సైట్‌కీ, వెనక గాడితో ఉండే రియర్ సైట్‌కీ మధ్య దూరం గరిష్ఠంగా 220 మిల్లీమీటర్లు. రియర్ సైట్ గాడిలో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 25 మీటర్ల దగ్గర షాట్ 11 సెంటీమీటర్లకి పైగా తప్పుతుంది. ర్యాపిడ్ టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10 సెంటీమీటర్లు, అంటే మీ పది కాస్తా ఎనిమిది అయిపోయింది. అదే సైట్లు సరిగ్గా ఉండి చెయ్యి మొత్తం ఒక సెంటీమీటరు పక్కకి పోతే? షాట్ కూడా ఆ ఒక్క సెంటీమీటరే పక్కకి పోతుంది, పది పదిగానే ఉంటుంది. అందుకే చూపు ఫ్రంట్ సైట్ మీదే నిలపాలి, టార్గెట్ మసగ్గా కనబడాలి. టార్గెట్ స్ఫుటంగా కనబడుతోందంటే సైట్లు వదిలేశారన్నమాట.

ర్యాపిడ్‌లో మీ షాట్లు చెదురుతున్నాయా, లేక గుంపుగా పైనే పడుతున్నాయా చూసుకోండి. ప్రిసిషన్‌లో నల్ల చుక్క కింద తెల్లలో గురి పెట్టేవాళ్లు ర్యాపిడ్‌లో నలుపు మధ్యలో పెడతారు. సైట్ క్లిక్కులు (రియర్ సైట్‌ని పైకీ కిందికీ జరిపే స్క్రూ మెట్లు) మార్చుకోకపోతే అన్నీ పైకే వెళ్తాయి. అది టెక్నిక్ లోపం కాదు, స్క్రూ డ్రైవర్‌తో పోయేది.

ఇక సాధన ఎక్కువ భాగం తూటా లేకుండానే. తెల్ల గోడకి ఎదురుగా నిలబడి, ఫోన్‌లో ఏడు సెకన్లు, మూడు సెకన్ల బీప్ పెట్టుకుని చెయ్యి లేపి డ్రై ఫైర్ చెయ్యండి. గోడ మీద ఏ గుర్తూ వద్దు. గురి చూడ్డానికి ఏమీ లేకపోతే కన్ను తప్పనిసరిగా సైట్ల మీదే ఉంటుంది. ట్రిగర్ పడిన క్షణంలో ఫ్రంట్ సైట్ మునిగితే మణికట్టు వదులైందనో, వేళ్లన్నీ కలిసి బిగిశాయనో అర్థం. పట్టు బలం మధ్య వేలు, ఉంగరం వేలు నుంచి రావాలి. బొటనవేలు, చిటికెన వేలు ఊరికే ఉండాలి. గ్రిప్ మీ అరచేతికి సరిపోకపోతే చెక్క పుట్టీ రాసి, ఎండాక గీకి సరిచేసుకోండి. ఎప్పుడు పట్టుకున్నా సైట్లు వెతక్కుండానే కలవాలి. కళ్లు మూసుకుని చెయ్యి లేపి, తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

జాగ్రత్త సంగతి: తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని రెండుసార్లు చూడాలి. .22 సైజు తూటాల పిస్టల్ అయితే డమ్మీ తూటా పెట్టండి, లేకపోతే తూటాని కొట్టే పిన్ ఛాంబర్ అంచుకి కొట్టుకుంటుంది. ఇంట్లో ఎయిర్ పిస్టల్‌తో చేసేవాళ్లు దాని ట్రిగర్ 500 గ్రాముల దగ్గర ఉంటుందని మర్చిపోకండి. వేలు ఆ తేలికకి అలవాటుపడితే రేంజ్‌లో 1000 గ్రాములు బండరాయిలా అనిపిస్తుంది.

రెండో చెయ్యి జేబులోనో బెల్టులోనో పెట్టండి. 2024 పారిస్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ జేబులో చెయ్యి పెట్టుకున్న ఫొటో చూసి జనం స్టైల్ అనుకున్నారు. పిస్టల్ కాల్చేవాళ్లందరూ చేసేదే అది. చెయ్యి వేలాడితే భుజం ఊగుతుంది, అంతే.

ఎడమ చేత్తో సాధన మీకు అక్కర్లేదు, మన పోటీల్లో చెయ్యి మార్చమని ఎవరూ అడగరు. హంగరీ సైనికుడు కారొలీ టకాచ్ కుడిచెయ్యి 1938లో గ్రెనేడ్ పేలి పోయింది. ఎడమ చేత్తో మళ్లీ నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్‌లో ర్యాపిడ్ ఫైర్ బంగారం కొట్టాడు. ఆయనకి వేరే దారి లేదు, మీకు ఉంది. ఆ సమయం కుడిచేతికే ఇవ్వండి.

మగవాళ్ల ర్యాపిడ్ ఫైర్ కాల్చేవాళ్లు కూడా ఇది చదువుతుంటే: అక్కడ ఐదు టార్గెట్లకి ఐదు షాట్లు, మొదట ఎనిమిది సెకన్లలో, తర్వాత ఆరు, ఆఖరికి నాలుగు సెకన్లలో. మొదటి షాట్‌కి ఈ చెయ్యి లేపే పద్ధతే. తర్వాత పక్క టార్గెట్‌కి చెయ్యి ఒక్కటే తిప్పకుండా నడుము పైభాగం మొత్తం తిరగాలి. ముందు ఎనిమిది సెకన్లలో కుదిరాకే ఆరుకి వెళ్లండి.

ఒక నెల గోడ సాధన చేశాక మీ ర్యాపిడ్ టార్గెట్ ఫొటో ఇక్కడ పెట్టండి. షాట్లు ఎటువైపు పోతున్నాయో చూసి, పట్టులో మార్చాల్సింది ఏమైనా ఉంటే చెప్తాను.